బాగా వేస్తున్నవాణ్ణి ఎందుకు ఆపాడు?

ప్ర: మాది అల్లూరు దగ్గర పల్లె, రొయ్యల సాగు. మా అబ్బాయి అమెరికాలో టాంపాలో ఉంటాడు, మా బామ్మర్ది కొడుకు లాస్ ఏంజెలెస్‌లో. సంక్రాంతికి ఇద్దరూ ఇంటికొచ్చి, 2020 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మీద మొదలుపెట్టిన గొడవ అర్ధరాత్రి దాటినా ఆపలేదు. టాంపా బే రేస్ జట్టు మేనేజర్ కెవిన్ క్యాష్ బాగా వేస్తున్నవాణ్ణి తీసేసి కప్పు పోగొట్టాడని మావాడు, లెక్క ప్రకారమే చేశాడని వాడు. ఎవరి మాట నిజం?
— ఒక రైతు, నెల్లూరు జిల్లా

జ: మీ అబ్బాయిదే నిజం. కాకపోతే కప్పు పోయింది కాబట్టి తప్పు అంటున్నాడు చూడండి, అది మాత్రం ఒప్పుకోను.

జరిగింది ఇదీ. మనకి 2020 అక్టోబరు 28 పొద్దున, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఆరో మ్యాచ్. ఏడింట్లో నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ అప్పటికే 3-2తో ముందుంది, రేస్ ఓడితే అంతే సంగతులు. రేస్ 1-0 ఆధిక్యంలో ఉంది, బంతి వేసే బ్లేక్ స్నెల్ 73 బంతుల్లో 9 సార్లు బ్యాటర్లని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు, ఒక్కరికీ ఊరికే బేస్ ఇవ్వలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో అతని మీద రెండో హిట్ పడింది, అంతే, క్యాష్ నడుచుకుంటూ వచ్చి చేతిలో బంతి తీసేసుకున్నాడు. తర్వాత రావాల్సింది మూకీ బెట్స్, అప్పటికి స్నెల్ చేతిలో రెండుసార్లు స్ట్రైకవుట్ అయినవాడు! కొత్తగా వచ్చిన నిక్ ఆండర్సన్ని బెట్స్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు, ఒక బంతి కీపర్ని దాటిపోయి స్కోరు సమం, కాసేపటికే బెట్స్ కూడా పరుగు పూర్తి చేశాడు. చివరికి 3-1. క్రికెట్లోలాగా స్నెల్‌కి మళ్ళీ ఓవర్ ఇద్దామంటే కుదరదు, బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి పంపితే ఆ మ్యాచ్‌కి అతని పని అయిపోయినట్టే.

క్యాష్ లెక్క ఉత్తుత్తిది కాదు. ఒకే బ్యాటర్‌కి ఒకే మ్యాచ్‌లో మూడోసారి వేస్తే దెబ్బలు పెరుగుతాయని ఏళ్ళ రికార్డుల్లో తేలింది. తక్కువ ఖర్చుతో నడిచే రేస్ అక్కడిదాకా వచ్చిందే ఇలాంటి లెక్కలతో, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అవార్డు అతనికే ఇచ్చారు. స్నెల్‌ని ఉంచి బెట్స్ హోమ్‌రన్ కొట్టుంటే ఇదే జనం ఎందుకు ఉంచావని తిట్టేవాళ్ళు. 2003లో బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్‌కి జరిగింది అదే కదా. న్యూయార్క్ యాంకీస్ మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, అలిసిపోయిన బౌలర్ పెడ్రో మార్టినెజ్‌నే ఉంచాడు. 5-2 ఆధిక్యం పోయింది, మ్యాచ్ పోయింది, ఆయన ఉద్యోగమూ పోయింది.

మరి క్యాష్ తప్పెక్కడ? మీ గుంటనే తీసుకోండి. చార్టులో ఇన్ని కిలోల మేత అని ఉంటుంది, అయినా మీరు చెక్‌ట్రే ఎత్తి చూడకుండా వేస్తారా? మేత మిగిలి కనబడితే తగ్గిస్తారు. ఆండర్సన్ ఆ నెలలో అంతకుముందు వరుసగా ఆరు మ్యాచ్‌ల్లో పరుగులిచ్చాడు, చెక్‌ట్రే నిండా మేత మిగిలే ఉంది. క్యాష్ లెక్కలో స్నెల్‌ని చూశాడు, ఆండర్సన్ని చూడలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే, బెంచీ మీద ఇంకా మనుషులున్నారు.

ప్ర: డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌ని గొప్పవాడంటారా? అంత డబ్బున్న జట్టుతో ఎవరైనా గెలుస్తారు కదా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జ: అంటాను. ఆయన తిన్న తిట్లు తక్కువేం కాదు. 2018 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో 4-0తో ముందున్నప్పుడు బౌలర్ రిచ్ హిల్‌ని తీసేశాడు, 9-6తో ఓడారు, సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడే ట్విటర్‌లో తప్పుపట్టాడు. మరుసటి ఏడాది వాషింగ్టన్ మీద బౌలర్ కెర్షాని తీయకుండా ఉంచితే వరుసగా ఇద్దరు హోమ్‌రన్లు కొట్టారు. తీసినా తప్పే, ఉంచినా తప్పే అయింది. అన్నీ పడ్డ మనిషి 2025లో టొరంటోలో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ చివర్లో, ముందురోజే 96 బంతులు వేసిన బౌలర్ యమమోటోకి మళ్ళీ బంతి ఇచ్చాడు. ఏ చార్టూ ఒప్పుకోని పని అది. 11 ఇన్నింగ్స్‌లు సాగిన మ్యాచ్ 5-4తో గెలిచారు. 2020, 2024, 2025, మూడు కప్పులు. డబ్బుతో యమమోటోని తెచ్చుకోవచ్చు, నిజమే, కానీ ఆ భుజంలో ఆ రాత్రికి ఇంకా సత్తువ ఉందా లేదా అన్నది పక్కన నిలబడ్డ మనిషే చూసి తేల్చాలి.

ప్ర: బేస్‌బాల్ మేనేజర్ అంటే మన కోచ్‌లాంటివాడా, కెప్టెన్‌లాంటివాడా?
— ఇంటర్ విద్యార్థి, కందుకూరు

జ: ఇద్దరి పనీ అతనిదే. బ్యాటింగ్ వరస, బౌలర్ మార్పు, అన్నీ అతనే చూస్తాడు, డ్రెస్ కూడా ఆటగాళ్ళలాగే వేసుకుంటాడు. ఒకే ఇన్నింగ్స్‌లో ఒకే బౌలర్ దగ్గరికి రెండోసారి వెళ్తే అతన్ని మార్చి తీరాలని రూలు. అందుకే మేనేజర్ గీత దాటి నడవడం మొదలుపెట్టగానే స్టాండ్స్‌లో అరుపులు లేస్తాయి.