పనిముట్ల పెట్టెకు చక్రాలు బిగించే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వడ్రంగి షాపు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న ఒక్క షట్టరు గది. నేలకు తాండూరు బండలు పరిచి ఉన్నాయి. మధ్యలో కోత మిషను, గోడ వారగా పని బల్ల ఉన్నాయి. ద్వారబంధం వంటి పెద్ద పని వచ్చిన రోజున సామానంతా బయట పెట్టుకుని, సాయంత్రం మళ్లీ లోపల సర్దుకోవలసి వస్తోంది. 6 అడుగుల ఎత్తున చక్రాల క్యాబినెట్ ఒకటి చేసి, పనిముట్లన్నీ అందులోనే పెట్టుకోవాలనుకుంటున్నాను. కొలతలు, చక్రాల సంగతి వివరంగా చెప్పగలరు. (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీ ఆలోచన మంచిదే గాని, 6 అడుగుల ఎత్తు మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట నేనూ అటువంటిదే చేశాను. లోతు అడుగున్నర, ఎత్తు 6 అడుగులు, కింద రెండంగుళాల చక్రాలు నాలుగు. చేసిన వారంలోనే ఒక సాయంత్రం దాన్ని గోడ వారకు నెడుతుండగా, ముందు చక్రం రెండు బండల మధ్య సిమెంటు రాలిపోయిన సందులో దిగబడింది. కింది భాగం అక్కడే ఆగిపోయింది, పై భాగం ఆగలేదు. పై అరల్లో ఉన్న ఉలులు, చిత్రికలు మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడి పాదాల ముందు పడ్డాయి. అంగుళం ఉలి ఒకటి బండకు తగిలి మొన విరిగింది. అతనికి దెబ్బ తగలలేదు, నాకు అంతే చాలు. ఆ మర్నాడే దాన్ని విప్పి రెండు పొట్టి పెట్టెలుగా చేశాను. అప్పటినుంచి ఎవరు అడిగినా ముందు నేలను కొలవమని, ఆ తరువాతే చెక్కను కొలవమని చెబుతున్నాను.

కాబట్టి ఒక పెద్ద బీరువాకు బదులు, మీ కోత మిషను బల్లంత ఎత్తున రెండు చిన్న పెట్టెలు చేసుకోండి. ఎత్తు ఒకటే అయితే ఒకదాన్ని మిషను వెనుక నిలిపి, కోసిన పలక కింద పడకుండా ఆనించుకోవచ్చు. రెండింటినీ పక్కపక్కన చేరిస్తే తలుపు రెక్క పరచడానికి సరిపోయే బల్ల అవుతుంది. మిషను వెనుక నిలిపే పెట్టె మిషను బల్ల కన్నా 3 మి.మీ. తక్కువ ఎత్తులో ఉండాలి. సరిసమానంగా చేస్తే నేల కొంచెం మిట్టగా ఉన్న చోట పలక అంచు దానికి తగులుకుంటుంది, కోత మధ్యలో పలక ఆగిపోవడం చాలా ప్రమాదం.

ఇక చక్రాల సంగతి. బండల సందులు ఉన్న నేలకు రెండంగుళాల చక్రం పనికిరాదు, 4 అంగుళాలది, అంటే 100 మి.మీ. చక్రం కావాలి. చక్రం ఎంత పెద్దదైతే సందులో అంత తక్కువగా దిగుతుంది. నైలాన్ చక్రం తేలికగా దొర్లుతుంది గాని బండమీద చప్పుడు ఎక్కువ. మామూలు రబ్బరు చక్రం మెత్తగా పోతుంది గాని, బరువుతో నెలల తరబడి ఒకేచోట నిలబడితే అడుగున చదునుపడి తరువాత ఎగిరెగిరి పడుతుంది. మన పనికి పాలీయూరిథేన్ చక్రాలు, దుకాణంలో పీయూ అని అడిగితే ఇచ్చేవి, అన్నిటికన్నా అనువైనవని నా అనుభవం.

బరువు లెక్క కాగితం మీద వేసుకోవాలి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్ షీటు సుమారు 32 కిలోలు తూగుతుంది. కింద చెప్పిన కొలతల్లో పెట్టె, సొరుగులు, అవి జారే ఇనుప ఛానెళ్లు అన్నీ కలిపి ఖాళీగానే 50 కిలోలు దాటుతుంది, చేతి మిషన్లు, ఇనుప సామాను చేరితే 150 కిలోల దాకా పోతుంది. ఈ 150ని నాలుగుతో కాదు, మూడుతో భాగించాలి. ఏ నేలా అంత చదునుగా ఉండదు గనుక, ఎప్పుడు చూసినా ఒక చక్రం గాలిలోనో, ఆనీ ఆననట్టుగానో ఉంటుంది, బరువంతా మిగిలిన మూడింటి మీదే పడుతుంది. అంటే చక్రానికి 50 కిలోలు. సందు దాటేటప్పుడు తగిలే దెబ్బను కూడా కలుపుకుని, ఒక్కొక్కటి 100 కిలోలు మోయగలదని రాసి ఉన్న చక్రాన్ని కొనండి.

ఇరుకు గదిలో పెట్టెను పక్కకు జరపవలసి వస్తుంది గనుక నాలుగూ తిరుగుడు చక్రాలే ఉండాలి. బ్రేకుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి చక్రం దొర్లకుండా మాత్రమే ఆపుతుంది, రెండోది చక్రాన్నీ, అది పక్కలకు తిరిగే మెడనూ కలిపి బిగిస్తుంది. మొదటి రకం బిగించాక కూడా పెట్టె తన మెడల మీద అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కొంత ఎక్కువ ధర అయినా రెండో రకమే తీసుకోండి. కాలికి అందే ముందువైపు రెండింటికి అది తప్పనిసరి, మిషను వెనుక నిలిపే పెట్టెకు నాలుగింటికీ ఉంటే మేలు.

చక్రాల పెట్టెను కదిలించడం తేలిక, కదలకుండా నిలపడమే కష్టం. ఈ పెట్టె మీద చెక్క బిగించి చిత్రిక పట్టాలనుకుంటే ఎంత మంచి బ్రేకు కూడా చాలదు. మీ పక్కనే ఉండే వెల్డింగ్ షాపులో నాలుగు ఇనుప యాంగిల్ ముక్కలకు 12 మి.మీ. నట్లు అతికించమని చెప్పి, వాటిని పెట్టె అడుగున నాలుగు మూలల్లో చక్రాల పక్కన బిగించండి. నట్లలోంచి పొడుగు బోల్టులు దింపి, తల కిందికి వచ్చేలా ఉంచితే, పెట్టెను నిలిపిన చోట స్పానరుతో రెండు మూడు చుట్లు తిప్పగానే బరువు చక్రాల మీద నుంచి బోల్టుల మీదికి దిగుతుంది. నేల వంకర కూడా అక్కడే సరిచేసుకోవచ్చు. ఇది రోజుకు పదిసార్లు చేసే పని కాదు. అందుచేత పని బల్లగా వాడే పెట్టె ఒక్కదానికే పెట్టుకోండి.

ఇప్పుడు కొలతలు. మీ మిషను బల్ల ఎత్తు మీరు రాయలేదు గనుక 868 మి.మీ. అనుకుని చెబుతున్నాను, మీ కొలతను బట్టి పక్క పలకల ఎత్తు మార్చుకోండి. 3 మి.మీ. తగ్గించగా పెట్టె మొత్తం ఎత్తు 865 అవుతుంది. 100 మి.మీ. చక్రం, పైన ఉన్న ప్లేటుతో కలిపి సుమారు 130 మి.మీ. ఎత్తు వస్తుంది. కంపెనీని బట్టి ఇది మారుతుంది గనుక చక్రాలు కొని, చేత్తో పట్టుకుని కొలిచాకే ప్లైవుడ్ కోయండి. 865లో 130 పోగా పెట్టె ఎత్తు 735. దీనిలో అడుగున ఉండే పలక రెండు పొరలుగా 36, పై పలక 18, మిగిలిన 681 పక్క పలకల ఎత్తు. వెడల్పు 610, లోతు 560. ఒక్క 18 మి.మీ. షీటులో 560 వెడల్పున రెండు నిలువు పట్టీలు తీస్తే, ఒక పట్టీలో రెండు పక్క పలకలు, పై పలక వస్తాయి. రెండో పట్టీలో అడుగున వేసే రెండు పలకలు పోగా 1200 మి.మీ.కు పైగా ముక్క మిగులుతుంది, సొరుగుల ముందు పలకలన్నీ దానిలోనే వస్తాయి.

అడుగు పలకను రెండు పొరలు ఎందుకు అంటున్నానో చెప్పాలి. చక్రం ప్లేటును స్క్రూలతో బిగిస్తే, సందు తగిలిన ప్రతిసారీ అవి కొద్దికొద్దిగా వదులై, చివరికి ప్లైవుడ్ పొరలతో సహా ఊడి వస్తాయి. 36 మి.మీ. మందం గుండా 8 మి.మీ. బోల్టులు దూర్చి, లోపలివైపు వెడల్పాటి వాషరు, నట్టు బిగించాలి. రెండు పొరల మధ్య ఫెవికాల్ పట్టించి, నాలుగు వైపులా బిగించి రాత్రంతా ఉంచాలి. వెనుక పలకకు 6 మి.మీ. చాలునని కొందరు అంటారు గాని, నా మాట విని 12 వేయండి. నెట్టినప్పుడు పెట్టె మూలలు పక్కకు వాలకుండా పట్టి ఉంచేది వెనుక పలకే. అది పక్క పలకల మధ్యకు, 574 మి.మీ. వెడల్పున బిగుతుగా కూర్చోవాలి, నాలుగు మూలలూ మూలమట్టంతో సరిచూసుకున్నాకే స్క్రూలు వేయాలి.

సొరుగులకు 20 అంగుళాల టెలిస్కోపిక్ ఛానెళ్లు సరిగ్గా పడతాయి. ఛానెల్‌కు ఒక్కో వైపు అరంగుళం చోటు కావాలి గనుక, లోపలి వెడల్పు 574 అయితే సొరుగు పెట్టె బయటి కొలత 548 ఉండాలి. ఇక్కడ మిల్లీమీటరు ఎక్కువైతే సొరుగు బిగుసుకుంటుంది, రెండు మూడు తక్కువైతే గోళీలు ఛానెల్‌లో సరిగా నడవవు. ముందు పలకలు పై నుంచి 90, 90, 120, 150, 213 మి.మీ. ఎత్తుతో ఐదు, పైనా, కిందా, మధ్యలోనూ కలిపి సందులు 3 మి.మీ. చొప్పున ఆరు వేస్తే 681 సరిగ్గా సరిపోతుంది. పై రెంటిలో ఉలులు, మూలమట్టం, బరమా (డ్రిల్లు) పుల్లలు, ఆకురాళ్లు పెట్టుకోండి. బరువైన చేతి కోత మిషను, రందా (చిత్రిక) మిషను అన్నిటికన్నా కింద ఉండాలి. తిరుగుడు చక్రాలు లోపలికి తిరిగినప్పుడు పెట్టె ఆనిక మీరు చూసే వెడల్పు కన్నా తగ్గుతుంది గనుక, పై సొరుగులు రెండు ఒకేసారి బయటికి లాగి ఉంచకూడదు.

సొరుగు లోపల గళ్లు ముందే కొట్టవద్దు. ఒక నెల రోజులు పనిముట్లను ఊరికే పెట్టి వాడండి. చేయి ఎక్కువగా దేనికోసం పోతోందో అప్పుడు తెలుస్తుంది. దానికే ముందు చోటు ఇవ్వండి. ఉలుల కోసం మెత్తని చెక్కలో గాడులు తీసి, మొనలు వెనుకవైపుకు, పిడులు మనవైపుకు ఉండేలా అమర్చండి. నా పెట్టెలో అరంగుళం ఉలి గాడి పక్కన వేలు పట్టేంత చిన్న గుంట ఒకటి చెక్కి ఉంది. ఆ గుంట లేనప్పుడు ఉలిని గోటితో లేపవలసి వచ్చేది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర ఊరు. మూసి ఉన్న సొరుగుల్లో పెట్టినా ఉలులు, చిత్రిక కత్తులు తుప్పు పడుతున్నాయి. ఏం చేయాలి? ప్లైవుడ్ ఏది వాడాలి? (ఒక పాఠకురాలు, భీమునిపట్నం)

జవాబు: మీకు ఐఎస్ 710 గుర్తు ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వాడమని చెబుతాను. ఐఎస్ 303 గుర్తు ఉన్న మామూలు రకం లోపలి ఊళ్లలో చాలు గాని, ఉప్పుగాలి, వాన నెమ్ము కలిసిన చోట దాని అంచులు తొందరగా ఉబ్బుతాయి. ఏ రకమైనా కోసిన అంచులకు సీలరు రెండు పూతలు వేయండి, నీరు చొరబడేది అక్కడే.

తుప్పుకు మొదటి కారణం చాలాసార్లు మన చేతి చెమటే. సాయంత్రం పెట్టే ముందు పొడి గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాయండి. ప్రతి సొరుగులో ఒకటి రెండు కర్పూరం బిళ్లలు చిన్న గుడ్డలో కట్టి ఉంచడం పాత అలవాటు, అది నిజంగా పనిచేస్తుంది. కర్పూరం మెల్లగా ఆవిరై ఇనుము మీద పలచని పొరగా పడుతుంది. సొరుగు మూసి ఉంటేనే దాని ఫలితం, కరిగిపోగానే మళ్లీ వేయాలి. ఒక్క హెచ్చరిక: చెక్కకు పాలిష్‌గా వాడే అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ముద్దగా చుట్టి సొరుగులో ఎప్పుడూ పెట్టవద్దు. అవి ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. వాటిని ఆరుబయట విప్పి ఆరవేయండి.

ప్రశ్న: పెట్టెకే ప్లగ్గుల బోర్డు బిగించుకోవచ్చా? (ఒక పాఠకుడు, నంద్యాల)

జవాబు: బిగించుకోవచ్చు, చాలా సుఖం కూడా. 1400 వాట్ల చేతి కోత మిషను 230 వోల్టుల దగ్గర సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. దానితోపాటు 1200 వాట్ల పొట్టు పీల్చే మిషను నడిస్తే 11 దాటుతుంది. అందుచేత గోడకున్న 16 ఆంపియర్ల ప్లగ్గులోంచి, ఎర్తు ఉన్న 2.5 చదరపు మి.మీ. మూడు తీగల వైరుతోనే తీసుకోవాలి, 6 ఆంపియర్ల ప్లగ్గులోంచి కాదు. బోర్డును పెట్టె వెనుక పై మూలకు బిగించి, పక్కనే వైరు చుట్టుకోవడానికి రెండు కొంకెలు పెట్టండి. పెట్టెను జరిపే ముందు ప్లగ్గు తీసి వైరు చుట్టడం అలవాటు చేసుకోండి. చక్రం కింద నలిగిన వైరు పైకి బాగానే కనిపించినా లోపల తెగి ఉంటుంది.

ప్రశ్న: నేను డాలస్‌లో ఇంటి గ్యారేజీలో సెలవు రోజుల్లో చెక్క పని చేస్తుంటాను. మీరు చెప్పే కొలతలు ఇక్కడ సరిపోతాయా? (ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: రెండు మార్పులు చేసుకోండి. అక్కడ ముప్పావు అంగుళం అని అమ్మే ప్లైవుడ్‌లో చాలావరకు అసలు మందం 23/32 అంగుళం మాత్రమే ఉంటుంది, కాబట్టి గాడి తీసే ముందు కొన్న పలకనే కొలిచి, పనికిరాని ముక్క మీద ఒకసారి సరిచూసుకోండి. రెండోది, గ్యారేజీ నేలను నీరు బయటికి పోయేలా తలుపువైపు వాలుగా పోస్తారు. నింపిన పెట్టె బ్రేకు లేకుండా అక్కడ నిలవదు, తలుపు తెరిచి ఉంటే వీధివైపే దొర్లుతుంది. నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టి, సొరుగులు పల్లంవైపు కాక మెరకవైపు తెరుచుకునేలా నిలపండి. పల్లంవైపు తెరిస్తే బరువైన సొరుగు తనంతట తానే బయటికి జారి వస్తుంది.