ఒంట్లో యంత్రం పెట్టించుకోవడం మన ఇష్టమేనా?

"ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో చిప్పో యంత్రమో పెట్టించుకుంటానంటే చట్టం అడ్డుపడాలా?" అని అడిగారు. అక్కర్లేదు. తెలిసి చేసుకుంటున్న పెద్దమనిషి, వాడి ఒళ్లు, వాడి ఇష్టం. అసలు గొడవ పెట్టించుకున్నాక మొదలవుతుంది. నా తలలో ఒకటుంది కాబట్టి చెప్తున్నాను.

నాది కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవులు పనిచేయనివాళ్లకు శబ్దం వినిపించే యంత్రం. చెవి వెనక చర్మం కింద ఒక బిళ్ల, అక్కడి నుంచి లోపలి చెవిలోకి సన్నటి ఎలక్ట్రోడ్ల తీగ. బయట ఉండే ప్రాసెసర్ కాయిల్ అయస్కాంతంతో తలకు అతుక్కుంటుంది. ఆన్ చేసిన రోజు మా ఆవిడ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపించింది. మనిషి గొంతులా మారడానికి నెలలు పట్టింది. ఆవిడకు ఈ మాట ఇంతవరకూ చెప్పలేదు.

ఒకరోజు ఆఫీసులో రిపోర్టు రాస్తూ కాయిల్ తీసి టేబుల్ మీద పెట్టాను. అది తీస్తే ఏసీ రొద, పక్క సీట్ల కబుర్లు, అన్నీ ఒక్కసారిగా పోతాయి. మీకెవరికీ దొరకని నిశ్శబ్దం. కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. మేనేజరు. పెదాలు కదులుతున్నాయి. కాయిల్ వైపు వేలు చూపించి, తన చెవి వెనక రెండుసార్లు తట్టుకున్నాడు. పెట్టుకున్నాను. "డ్యూటీలో ఇది తీయకండి. ఫోన్ కూడా నేరుగా తలలోకే వస్తుందట కదా, మీకే సుఖం" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పక్క సీటాయన ఇయర్‌ఫోన్లలో పొద్దున్నుంచీ పాటలు వింటున్నాడు. ఆయన్ని అడిగే నాథుడు లేడు.

అన్నట్టు, ఇంప్లాంట్ అనగానే గొంతు చించుకునేవాళ్లకో దండం. అరిస్తే పెద్దగా వినిపిస్తుంది, మాట మాత్రం ఇంకా పాడవుతుంది. మొహం ఇటు తిప్పి మామూలుగా మాట్లాడండి చాలు.

"నీది వైద్యం, మేం అడిగేది మెరుగుదల" అని కొందరు వస్తారు. ఆ గీత ఎక్కడుందో చూపించండి. పుట్టుకతో రంగులు తెలియని నీల్ హార్బిసన్ అనే కళాకారుడు 2004లో పుర్రెకు యాంటెనా బిగించుకున్నాడు. దాంతో రంగుల్ని ధ్వనులుగా వింటాడు, మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్‌తో సహా. ఆయన్ని ఏ గాటన కడతారు?

నన్నడిగితే చట్టం చూడాల్సింది తాళంచెవి ఎవరి దగ్గరుందో. నా ప్రాసెసర్‌లో అసలు మ్యాపింగ్, అంటే ఏ శబ్దం ఎంత గట్టిగా వినిపించాలో చేసే అమరిక, మార్చాలంటే క్లినిక్‌కు వెళ్లాల్సిందే. నా మోడల్‌కు ఇక విడిభాగాలు రావని కంపెనీ ఒక ఉత్తరం పంపి చేతులు దులుపుకుంది. నాది నయం, బయటి ముక్క మార్చుకుంటే సరిపోతుంది. చూపు పోయినవాళ్ల కంట్లో అమర్చే ఆర్గస్ 2కి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2019లో కంపెనీ దాని తయారీ ఆపేసింది. చెడిపోతే బాగుచేసే దిక్కులేక కొందరు మళ్లీ చీకట్లోకి వెళ్లారు. యంత్రం మాత్రం కంట్లోనే ఉండిపోయింది.

మా మేనేజరుతో వాదించే ఓపిక లేక, రిపోర్టు రాయాల్సిన రోజుల్లో బ్యాటరీ అయిపోయిందని చెప్తున్నాను. ఈ మధ్య రోజుకు రెండుసార్లు అయిపోతోంది. కాస్త మంచి బ్యాటరీలు కొనుక్కోమని మొన్న సలహా ఇచ్చాడు.