ఆటలాడించడానికి డిగ్రీ దేనికి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పక్షవాతం వచ్చిన మా తాతగారు వ్యాయామాలంటే విసుక్కుంటారు కానీ, చింతగింజలతో వామనగుంటలు ఆడేటప్పుడు మాత్రం పట్టు తప్పిన చేతిని తమంతట తామే వాడుతున్నారు. ఆటపాటలతో చికిత్స చేయడం నేర్పే రిక్రియేషన్ థెరపీ అనే డిగ్రీ ఉందని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. “ఆటలాడించడానికి డిగ్రీ దేనికమ్మా?” అని నాన్నగారు అంటున్నారు. మన దేశంలో ఈ చదువు చదవవచ్చా?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: మీ నాన్నగారి సందేహం సహేతుకమైనదే కనుక ముందు దానికే సమాధానం చెప్పుకుందాం. మీ తాతగారు గింజలు ఏరుతుంటే ఇంట్లోవాళ్లకు కనిపించేది ఆయన ముఖంలోని ఉత్సాహం. శిక్షణ పొందిన థెరపిస్టు మాత్రం ఆయన గింజను ఎన్ని వేళ్లతో పట్టుకుంటున్నారు, గోడకు ఆనుకోకుండా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు, తన వంతు ఎప్పుడు వస్తుందో గుర్తుంచుకుంటున్నారా, జబ్బు పడిన వైపున్న గుంటలను అసలు చూస్తున్నారా అన్నవి గమనించి రాసుకుంటారు. పక్షవాతం వచ్చినవారిలో కొందరి మెదడు ఒక పక్కనున్న వస్తువులను పట్టించుకోవడం మానేస్తుంది. చూపు సరిగానే ఉన్నా ఆ పక్క గుంటల్లోని గింజలు వాళ్ల లెక్కలోకి రావు. ఈ సంగతి తెలియనివారు “పెద్దాయనకు మతి తప్పింది” అనుకొని ఊరుకుంటారు. తెలిసినవారు ఆటనే ఆ పక్కకు జరిపి, చూపును అటు మళ్లించే సాధనగా మార్చుకుంటారు.

పరిశీలించి అంచనా వేయడం, ఎన్ని వారాల్లో ఏ మార్పు రావాలో లక్ష్యంగా రాసుకోవడం, దానికి తగిన ఆటనో పాటనో తోటపనినో ఎంచుకొని చేయించడం, ఫలితాన్ని కొలిచి కేస్ షీటులో నమోదు చేయడం అనే క్రమమే ఈ వృత్తికి ప్రాణం. శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, మానసిక రుగ్మతలు, బాల్యం నుంచి వార్ధక్యం దాకా మానవ వికాసం చదవకుండా ఆ పని చేయడం కుదరదు. డిగ్రీ అవసరం అక్కడ వస్తుంది.

ఈ రంగానికి మరో పార్శ్వం కూడా ఉంది. దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అమెరికాలో 1980ల నుంచి బాగా ప్రచారంలో ఉన్న ఒక నమూనా ప్రకారం ఈ సేవకు మూడు దశలుంటాయి: దెబ్బతిన్న సామర్థ్యాన్ని బాగుచేసే చికిత్స, తీరిక సమయాన్ని ఎలా గడుపుకోవాలో నేర్పడం, చివరకు రోగి తనకు నచ్చిన వ్యాపకంలో స్వేచ్ఛగా పాల్గొనడం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మనిషి తినడం, బట్టలు కట్టుకోవడం నేర్చుకున్నా, పొలానికో కొట్టుకో పోలేని స్థితిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేయాలన్నది మన ఇళ్లలో ఎవరికీ తట్టని ప్రశ్న. మంచం మీదే కూర్చోబెట్టి టీవీ పెట్టడంతో మన సేవ ముగుస్తుంది. ఆ ఖాళీ సమయాన్ని చికిత్సలో భాగంగా చూడడమే ఈ శాస్త్రం ప్రత్యేకత.

ఇక మన దేశంలో చదువు సంగతి. ఈ పేరుతో స్థిరపడిన బ్యాచిలర్ డిగ్రీ మన విశ్వవిద్యాలయాల్లో లేదు. అయితే అలైడ్ (అంటే వైద్యానికి అనుబంధమైన), హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ కోసం 2021లో చేసిన చట్టం తన షెడ్యూలులో ఆర్ట్, డ్యాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులతో పాటు రిక్రియేషనల్ థెరపిస్టును కూడా చేర్చింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల చదువు మూడు నుంచి ఆరేళ్లలో పూర్తిచేసిన డిగ్రీ ఉండాలని కూడా ఆ చట్టం చెబుతుంది. కాబట్టి వారాంతపు తరగతులతో “రిక్రియేషన్ థెరపిస్ట్” సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలను ఈ గంటల లెక్కతో తూచి చూడండి. చాలా వాటి బరువు అక్కడే తెలిసిపోతుంది.

మీకు నేను సూచించే దారి ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ, అంటే బీఓటీ. పనిని, ఆటను, దైనందిన చర్యలను చికిత్సాసాధనాలుగా వాడడం ఆ శాస్త్రానికి పునాది కనుక మీరు కోరుకున్నదానికి అది చాలా దగ్గర. పైగా మన దేశంలో దానికి చరిత్ర ఉంది: తొలి శిక్షణాలయాన్ని 1950లో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ప్రారంభించారు. మీ రాష్ట్రంలోనే, కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థలో ఈ డిగ్రీ ఉంది. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. సరిహద్దు ప్రాంతపు తెలుగు పిల్లలకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో మీరు స్థానికులు కారు కనుక అక్కడి కన్వీనర్ కోటా మీకు అందడం కష్టం. జాతీయ సంస్థల ప్రవేశాలు అఖిల భారత పరీక్ష ద్వారా జరుగుతాయి కనుక ఆ చిక్కు ఉండదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ప్రధాన అర్హత కాబట్టి, బయాలజీ తీసుకొని ఉంటే మీ గ్రూపు సరిపోతుంది. కొత్త కమిషన్ వచ్చాక ప్రవేశ పరీక్ష, కోర్సు వ్యవధి, ఇంటర్న్‌షిప్ నిబంధనలు మారుతున్నందున, సీనియర్ల మాట మీద కాక ఆ ఏటి నోటిఫికేషన్ చదివే దరఖాస్తు చేయండి. డిగ్రీ తరువాత మానసిక ఆరోగ్యంలోనో పిల్లల విభాగంలోనో పీజీ చేస్తే, ఆటపాటల చికిత్సను మీ ప్రత్యేక రంగంగా మలచుకోవచ్చు.

ఇంకొక మాట. మీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చి ఉంటాయి. గుణుపురం వైపు బంధువులుంటే సవర మాటలూ కొన్ని వచ్చి ఉంటాయి. ఈ వృత్తిలో దాన్ని చిన్న అర్హతగా భావించకండి. సవర గూడెం నుంచి వచ్చిన వృద్ధుడి ముందు క్యారమ్ బోర్డు పెట్టి, ఆయన ఆసక్తి చూపలేదని రాసేస్తే ఆ అంచనా తప్పు. ఆయన ఏం ఆడి, ఏం పాడి పెరిగారో ఆయన భాషలో అడిగి తెలుసుకున్నవారి అంచనాయే నిలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి రాయగడలో ప్లస్ టూ పూర్తిచేశాడు. విశాఖపట్నంలోని ఒక కన్సల్టెన్సీవారు అమెరికాలో రిక్రియేషన్ థెరపీ బ్యాచిలర్ డిగ్రీ చేయిస్తామని, పట్టా రాగానే ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. ఇంటి మీద రుణం తీసుకొని పంపమంటారా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టవద్దనే చెబుతానమ్మా. చదువు మంచిదే. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రుల్లో బలపడిన ఈ సేవ అక్కడ గుర్తింపు పొందిన వృత్తిగా ఎదిగింది. కానీ పట్టా చేతికి రాగానే ఉద్యోగం అన్న మాట నిజం కాదు. అక్కడి యజమానులు సాధారణంగా అడిగేది సీటీఆర్‌ఎస్ (సర్టిఫైడ్ థెరప్యూటిక్ రిక్రియేషన్ స్పెషలిస్ట్) అనే అర్హతను. దాన్ని 1981లో ఏర్పడిన ఒక జాతీయ మండలి ఇస్తుంది. దానికోసం నిర్దేశించిన సబ్జెక్టులతో డిగ్రీ చదవాలి, అదే అర్హత ఉన్న థెరపిస్టు పర్యవేక్షణలో కనీసం 14 వారాల పాటు 560 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆపైన పరీక్ష ప్యాసవ్వాలి. అర్హతను అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. యూటా, నార్త్ కరోలినా, ఓక్లహోమా వంటి కొద్ది రాష్ట్రాల్లో వేరే లైసెన్సు కూడా కావాలి.

అసలు ఇబ్బంది వీసా దగ్గర ఉంది. విద్యార్థి వీసాపై చదివినవారికి పట్టా తరువాత ఆ రంగంలో పనిచేయడానికి పన్నెండు నెలల అనుమతి దొరుకుతుంది. ఇంజనీరింగ్, కంప్యూటర్ పట్టాలకు లభించే మరో 24 నెలల పొడిగింపు ఈ పట్టాకు వర్తించదు. నాలుగేళ్ల రుణాన్ని ఏడాది జీతంతో తీర్చడం అసాధ్యం. తిరిగి వచ్చేస్తే ఆ పేరుతో ఇక్కడ పోస్టులు అరుదు. కన్సల్టెన్సీవారిని రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఆ విశ్వవిద్యాలయంలోని కోర్సు సీటీఆర్‌ఎస్ అర్హతకు సరిపోతుందా, ఇంటర్న్‌షిప్ స్థలాన్ని ఎవరు చూపిస్తారు. అబ్బాయికి నిజంగా ఆసక్తి ఉంటే ఇక్కడ బీఓటీ చేసి, పీజీ స్థాయిలో విదేశాల సంగతి ఆలోచించడం మేలు. అప్పుడు తిరిగి వచ్చినా చేతిలో వృత్తి ఉంటుంది.

ప్రశ్న: నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో బీపీఎడ్ చేసిన వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మా బడిలో మానసిక వైకల్యం ఉన్న పిల్లలు ఆటల పీరియడ్‌లో ఒక మూల కూర్చుండిపోతున్నారు. బీపీఎడ్‌తో రిక్రియేషన్ థెరపిస్టును కావచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: కాలేరు. బీపీఎడ్ బోధనకు సంబంధించిన డిగ్రీ. చికిత్సకు కావలసిన రోగనిర్ధారణ పరిజ్ఞానం, ఆసుపత్రి శిక్షణ అందులో లేవు. అయితే ఆ పిల్లల కోసం మీరు థెరపిస్టు కానవసరం లేదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 29, 30 సెక్షన్లు సంస్కృతి, వినోదం, క్రీడలలో వారి భాగస్వామ్యాన్ని హక్కుగా గుర్తించాయి కనుక వారిని మైదానంలోకి తేవడం మీ ప్రస్తుత ఉద్యోగంలోని బాధ్యతే. అందుకు తగిన అర్హత భారత పునరావాస మండలి గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సుల్లో దొరుకుతుంది. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ మీకు అందుబాటులో ఉంటుంది, తెలుగులో మాట్లాడే అధ్యాపకులూ దొరుకుతారు. పిల్లల్లో ఎవరికైనా చికిత్స అవసరమనిపిస్తే నాగపూర్ ప్రభుత్వ వైద్య కళాశాలలోని ఆక్యుపేషనల్ థెరపీ విభాగానికి పంపండి. ఈలోగా బంతి పరిమాణం పెంచడం, గీతల మధ్య దూరం తగ్గించడం, ప్రతి పిల్లవాడికీ ఒక జతగాడిని ఇవ్వడం రేపటి పీరియడ్ నుంచే మొదలుపెట్టవచ్చు.