పాత కారును టోటల్ లాస్ అన్నారా? ముందు ఆ రెండు అంకెలు అడగండి

పన్నెండేళ్ల కారు, ఇంజిన్ బాగానే ఉంది, అయినా ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అని, అంటే రిపేరు చేయించం, విలువ కట్టి డబ్బిచ్చేస్తాం అని తేల్చేసి వారంలోగా సెటిల్‌మెంట్ కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు, కాదనొచ్చా అని అడిగారు. కాదనొచ్చు. ఈలోపు సంతకం మాత్రం పెట్టకండి, తాళాలు ఇవ్వకండి. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని రాసిన కాగితం మీద ఒకసారి సంతకం పడ్డాక ఎంత మొత్తుకున్నా ఫలితం ఉండటం కష్టం.

నాకూ ఇదే జరిగింది. నా కారుకు అప్పటికి పదకొండేళ్లు. ముందు ఎడమవైపు దెబ్బ తగిలింది: బంపర్, హెడ్‌లైట్, ఫెండర్, రేడియేటర్ పోయాయి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ‘రిపేరు గిట్టుబాటు కాదండీ’ అని ఫోన్లో చెప్పేశారు. బండిని ఎంత బాగా చూసుకున్నానో చెబుతూ రెండు రోజులు వాదించాను. అది వాళ్ల లెక్కలోకే రాదు. వాళ్లు చూసేది రెండే అంకెలు: రిపేరుకు ఎంతవుతుంది, ప్రమాదానికి ముందు బండి విలువ ఎంత. మొదటిది రెండోదానిలో ఫలానా శాతం దాటితే టోటల్ లాస్. ఆ శాతం అన్నిచోట్లా ఒకటి కాదు. భారత్‌లో పాలసీలో రాసిన విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. కొన్ని రాష్ట్రాల్లో రిపేరు ఖర్చుకు తుక్కు విలువ కూడా కలిపి చూస్తారు. పాత బండికి విలువే తక్కువ కాబట్టి మామూలు దెబ్బకే ఆ గీత దాటిపోతుంది. అంతేగానీ బండి బాగుపడదని కాదు.

అందుకే సర్వేయర్ (దెబ్బను చూసి లెక్క కట్టే మనిషి) రిపోర్టు, ఐటెమ్‌వారీ ఎస్టిమేట్, విలువ కట్టిన కాగితం, మూడూ కావాలని మెయిల్ పెట్టండి. నాకు నాలుగు రోజుల్లో వచ్చాయి. ఎస్టిమేట్‌లో హెడ్‌లైట్లు రెండూ కొత్తవి వేశారు. పగిలింది ఎడమది ఒక్కటే. చాసిస్, అంటే బండి చట్రం, సరిచేయడానికని పెద్ద మొత్తం రాశారు. నాకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, టేపుతో కుడి ముందు బోల్టు నుంచి ఎడమ వెనక బోల్టు దాకా కొలిచి, మళ్లీ ఎడమ ముందు నుంచి కుడి వెనక దాకా కొలిచారు. రెండూ సమానంగా వచ్చాయి. చట్రం పక్కకు వంగితే ఆ రెండు కొలతలూ కలవవు. అంకె కనబడేలా టేపు పట్టించి ఫొటోలు తీసి పంపాను. సర్వేయర్ మళ్లీ వచ్చి చూసింది ఆ ఫొటోల వల్లే.

ఇక విలువ. నాది టాప్ వేరియంట్ అయితే బేస్ మోడల్ అని రాశారు. తిరిగిన కిలోమీటర్లు కూడా వయసును బట్టి సగటు వేసేశారు. నా బండి తిరిగింది అందులో దాదాపు సగమే. మీటర్ ఫొటో, సర్వీసు బిల్లులు, అదే ఏడాది అదే వేరియంట్ అమ్మకానికి పెట్టిన ఏడు ప్రకటనలు పంపాను. అడిగే ధరకూ అమ్ముడుపోయే ధరకూ తేడా ఉంటుందని వాళ్లంటారు, అది నిజమే. అందుకని బాగా ఎక్కువ ధర ఉన్నవి పక్కనపెట్టి, మధ్యస్థంగా ఉన్నవే పంపండి. కొత్త టైర్ల బిల్లుకు నాకు పెద్దగా ఏమీ కలపలేదు. మీ పాలసీలో విలువ ముందే ఖాయమై ఉంటే మాత్రం ఇదంతా పనికిరాదు, ఎస్టిమేట్ మీదే పట్టుబట్టాలి.

నాకు ఆరు వారాలు పట్టింది. మొదట 88 శాతం అన్నది 61కి దిగింది, రిపేరుకు ఒప్పుకున్నారు. ఆ కారునే ఇప్పటికీ నడుపుతున్నాను.

ఒప్పుకోకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇచ్చి, ఆ తర్వాత అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే బయటి అధికారి) దగ్గరికి వెళ్లండి. భారత్‌లోనూ బ్రిటన్‌లోనూ దానికి ఫీజు లేదు. తుక్కు విలువ మినహాయించుకుని బండిని మీకే వదిలేయమని కూడా అడగొచ్చు. కాకపోతే రిజిస్ట్రేషన్ మీద టోటల్ లాస్ అన్న ముద్ర పడుతుందా, మళ్లీ ఇన్సూరెన్స్ దొరుకుతుందా అన్నది ముందే కనుక్కోండి. చాసిస్ నిజంగానే వంగినా, డాష్‌బోర్డు దాకా నీళ్లు ఎక్కినా, ఎంత ఇష్టమైన బండైనా వదిలేయండి. ఇంట్లోవాళ్లు ఎక్కే బండి అది.

ఇంకొకటి, బండి ఇప్పుడు ఏ గ్యారేజీలో ఉందో అక్కడ రోజువారీ పార్కింగ్ వేస్తున్నారేమో ఈరోజే అడగండి. వేస్తుంటే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, ఇంటికి తెచ్చి పెట్టుకోండి.