రెండెకరాలు అమ్మి యూవీ మిషన్ కొనాలా, ఏఐ బీటెక్ చదివించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మావాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఏడాదిగా నల్లగొండలో ఫ్లెక్సీ షాపుకు పోతున్నాడు, పెట్రోలు ఖర్చులు ఇస్తున్నారట. ఈమధ్య హైదరాబాద్‌లో మిషన్ల ఎగ్జిబిషన్ చూసొచ్చి యూవీ ప్రింటింగ్ మిషన్ కొనిపెట్టమంటున్నాడు. రెండెకరాలు అమ్మాలి. మా బావమరిదేమో ఆ పైసలతో మేనేజ్‌మెంట్ సీటులో ఏఐ బీటెక్ చదివించమంటున్నాడు. ఫ్లెక్సీలు బంద్ అయితయని కూడా అంటున్నారు. బోర్డులు చేసేటోనికి రేపు పిల్లనెవరిస్తారు? రెండిట్లో ఏది మంచిదో చెప్పండి. (ఉత్తరం కుదించాం)

జవాబు: రెండిట్లో ఏదని అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ పోలిక కాదన్నా. భూమి పోయాక కొడుకు కూడా నిలబడకపోతే ఎట్లా అన్నదే మీ భయం. మిషన్ పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, ఈ భయం మాత్రం ఏటా ఎండాకాలంలో నా దగ్గరికి ఇట్లాగే వస్తుంది. ముందు దానికే జవాబు చెప్తా: భూమి అమ్మకండి. మిషన్‌కూ వద్దు, బీటెక్‌కూ వద్దు. అమ్మనంత మాత్రాన మీవాడి బతుకేమీ ఆగిపోదు. ఇంటర్ కాగానే ఖాళీగా తిరగకుండా ఏడాదిపాటు ఒక పనికి పోయినోడు చెడిపోయే రకం కాదు.

మీవాడు అడిగే యూవీ ఫ్లాట్‌బెడ్ మంచి మిషనే. ఇంకు పడీపడగానే యూవీ దీపం దాన్ని గట్టిపరుస్తుంది, ఆరేదాకా ఆగే పని లేదు. గాజు, టైలు, చెక్క, యాక్రిలిక్, ఏసీపీ షీటు (బోర్డులకు వాడే అల్యూమినియం షీటు), దేని మీదైనా నేరుగా బొమ్మ దిగుతుంది. ఎగ్జిబిషన్‌లో చూస్తే నాకే కొనాలనిపిస్తుంది. అక్కడ స్టాల్ వాళ్లు గట్టిగా చెప్పనిది తెల్ల ఇంకు సంగతి. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైన పొడి, కదలకుండా ఉంటే అడుగుకు దిగుతుంది. ఆర్డర్లున్నా లేకున్నా ఇంకు తిరుగుతూ ఉండాలి, ఇంకు చిమ్మే హెడ్ రోజూ శుభ్రం చేయాలి. కొన్నాళ్లు పట్టించుకోకపోతే దాని నాజిళ్లు, అంటే ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు, మూసుకుపోతాయి. మిషన్‌లో ఖరీదైన భాగాల్లో హెడ్ ముందుంటుంది. మన ఎండాకాలం వేడి, దుమ్ము, కరెంటు కోతలు దానికి తోడు. కాబట్టి అడగాల్సింది మిషన్ ఎంతకొస్తుందని కాదు, నెలలో ఎన్నిరోజులు దానికి పని ఉంటుందని. దేవరకొండలో గాజు మీద ప్రింటు వేయించుకునేవాళ్లు నెలకు ఎంతమంది? వచ్చిన ఆ కొద్ది ఆర్డర్లూ హైదరాబాద్‌లో మిషన్ ఉన్నోళ్లకు జాబ్‌వర్క్‌కు ఇవ్వచ్చు. సాయంత్రం ఫైలు పంపితే అయిన ముక్క ఆర్టీసీ కార్గోలో వస్తుంది. ఈఎంఐ ఆ మిషన్ యజమాని కట్టుకుంటాడు.

ఎల్ఈడీ డిస్‌ప్లేలు కొని అద్దెకిద్దామనే ఆలోచన కూడా మీవాడికి ఉండే ఉంటుంది, ఈమధ్య అందరికీ ఉంది. పీ10 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు. దూరం నుంచి చదివే అక్షరాలకు సరిపోతుంది గానీ, ఫంక్షన్ హాల్లో దగ్గర్నుంచి పెళ్లికూతురి ముఖం చూడాలంటే పనికిరాదు. ఇవాళ పీ10 కొంటే రేపు పీ4 అడుగుతారు, ఎల్లుండి పీ3.

ఫ్లెక్సీలు రేపే బంద్ కావు. 2022 జూలై 1 నుంచి కేంద్రం ఆపింది 100 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను. మన ఫ్లెక్సీ సాధారణంగా అంతకన్నా మందం. అయినా చదరపు అడుగు రేటు మీద ఒకరినొకరు కోసుకునే ధంధా అది. ఎన్నికలప్పుడు ఉద్దెర పెట్టిన లీడర్ గెలిచినా తిప్పుతాడు, ఓడినా తిప్పుతాడు. మీవాడు అక్కడే ఆగిపోకూడదు.

ఎటు పోవాలంటే, బోర్డు తయారీకి, ఫిట్టింగ్‌కు. ఏసీపీ షీటంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్. వెనకవైపు రూటర్ అనే గాడి కోసే మిషన్‌తో వీ ఆకారపు గాడి తీసి చేత్తో మడిస్తే ముందువైపు మూల నిటారుగా వస్తుంది. గాడి లోతెక్కువైతే మడిచేటప్పుడు రేకు చిట్లుతుంది, తక్కువైతే మూల మొద్దుగా ఉంటుంది. ఆ అందాజు మిషన్‌తో పాటు రాదు. మధ్యలో ఉన్నది మామూలు పాలిథిలీన్ అయితే అంటుకుంటుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు, మంటలు అంత వేగంగా పాకింది ప్రధానంగా అలాంటి షీట్ల వల్లనే. ఆసుపత్రికో కాలేజీకో బోర్డు చేసేటప్పుడు ఎఫ్ఆర్ గ్రేడ్ (మంట తొందరగా అంటుకోని రకం) వేయాలని చెప్పగలిగినవాడి మాటకు విలువుంటుంది.

లైట్ల అక్షరాల్లో మన తెలుగు ఇంకా కష్టం, కాబట్టి చేయగలిగినవాడికి గిరాకీ. ‘లక్ష్మీ’ అని చేయాలనుకోండి, సగం షాపులు ఆ పేరుతోనే ఉంటాయి. కింద ఒత్తులు విడి ముక్కలుగా వస్తాయి, సన్నటి ఒంపులో మాడ్యూల్ (లోపల పెట్టే చిన్న ఎల్ఈడీ లైటు ముక్క) పట్టదు, తీగ ఎక్కణ్ణుంచి తేవాలో ముందే చూసుకోవాలి. ఆ మాడ్యూళ్లు ఎక్కువగా 12 వోల్టులవి. పొడవాటి వరసకు ఒకవైపే కరెంటిస్తే చివరి అక్షరం మసకబారుతుంది, రెండువైపులా ఇవ్వాలి. ఎందుకో మీవాడు ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాడు, అడిగి చూడండి. ప్రభుత్వ ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ దీనికి బాగా పనికొస్తుంది. ప్రింటింగే ఇష్టమంటే సికింద్రాబాద్‌లో దానికోసమే ప్రభుత్వ డిప్లొమా కాలేజీ ఉంది. ఆ తర్వాత సొంతంగా పెట్టుకుంటానంటే స్టిక్కర్ కటింగ్ ప్లాటర్‌తో మొదలుపెట్టమనండి. ముద్రా లోన్లలో కిశోర్ అనేది 5 లక్షల దాకా ఇస్తారు, తాకట్టు ఉండదు.

ఇక బీటెక్. మీ ఉత్తరంలో ఎకరం ఎంత పలుకుతుందో రాశారు, బావమరిది ఏమన్నాడో రాశారు. పిల్లవాడికి లెక్కలంటే ఇష్టమా, కోడింగ్ ఎప్పుడైనా ముట్టుకున్నాడా అన్నది ఒక్క వాక్యం లేదు. కోపం తెచ్చుకోకండి, ఇది మీ తప్పే. సర్టిఫికెట్‌లో ఏఐ అని అచ్చయినంత మాత్రాన ఉద్యోగం రాదు. ఆ బ్రాంచి చదవాలంటే గణితం మీద ప్రేముండాలి, అది ఉన్నవాడు ఏ బ్రాంచిలోనైనా నెగ్గుకొస్తాడు. లేనివాడు నాలుగేళ్ల తర్వాత బ్యాక్‌లాగులతో మళ్లీ ఆ షాపుకే వస్తాడు, అప్పటికి మీ రెండెకరాలు ఉండవు. చుట్టాల కోసం డిగ్రీ కావాలంటే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పని చేసుకుంటూనే చదవచ్చు. పిల్లనిచ్చేవాళ్లు అడిగేది సంపాదన, నడవడిక. చేతిలో పని, పేరు మీద భూమి ఉన్నోడికి సంబంధాలు రాకపోవడం మన దిక్కు నేను చూడలేదు.

ఏడాదిగా వాడు పోతున్న షాపును మీరు ఒక్కసారైనా చూశారా? ఈ ఆదివారం పోయి ఓనర్‌తో కూర్చోండి. లేజర్ మిషన్‌లో సన్‌బోర్డు పెట్టి కోస్తున్నారా అడగండి. అది పీవీసీ, దాని పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు, మిషన్‌కూ తుప్పే. పైకెక్కి బోర్డు బిగించేటప్పుడు నడుముకు బెల్టు ఇస్తున్నారా, పక్కన కరెంటు తీగలుంటే లైన్ ఆపించాకే ఎక్కిస్తున్నారా కనుక్కోండి. ఇనుప ఫ్రేము తీగకు తగిలి పోయినోళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. వీటికి ఆయన సూటిగా జవాబిస్తే అప్పుడు జీతం మాట్లాడండి. పెట్రోలు ఖర్చులు జీతం కిందికి రావని చెప్పండి. నసిగితే మాత్రం వాణ్ణి వెంటబెట్టుకుని వేరే షాపు వెతకండి.