ఏడో నెలలో గజ్జల నొప్పి: ఓర్చుకోవలసిందేనా?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. ఇది రెండో కాన్పు, 29వ వారం నడుస్తోంది. నెల రోజులుగా రెండు గజ్జల మధ్య ఎముక దగ్గరా, తుంటి కీళ్లలోనూ, నడుము కింది భాగంలోనూ భరించలేని నొప్పి ఉంటోంది. మంచం మీద పక్కకు తిరగాలన్నా, మెట్లెక్కాలన్నా, ఒంటికాలి మీద నిలబడి లంగా తొడుక్కోవాలన్నా ప్రాణం పోతోంది. మా అత్తగారు ‘అందరం ఇలాగే కన్నాం’ అంటున్నారు. ఊళ్లోని ఆర్ఎంపీ రెండుసార్లు డైక్లోఫెనాక్ సూది వేశారు. దానివల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా? ఈ నొప్పి ఉంటే ఆపరేషన్ తప్పదని అంటున్నారు, నిజమేనా?
– ఒక సోదరి, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందుగా సూది సంగతి చెబుతాను, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందులను 20 వారాలు దాటిన గర్భిణులు ప్రసూతి వైద్యులు ప్రత్యేకించి చెబితే తప్ప వాడకూడదు. ఇవి కడుపులోని బిడ్డ మూత్రపిండాల పనిని మందగింపజేయవచ్చు. ఆ వయసులో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి, అది తగ్గితే ఉమ్మనీరూ తగ్గిపోతుంది. దాదాపు 30 వారాల నుంచి మరో ప్రమాదం కూడా ఉంది: పుట్టేవరకు తెరుచుకుని ఉండవలసిన, బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ఒకటి ముందుగానే మూసుకుపోవచ్చు. రెండు సూదులతోనే హాని జరిగిపోయిందని మీరు కుమిలిపోనక్కరలేదు, కానీ మందు పేరు, వేసిన తేదీలు రాసుకుని వెళ్లి మీ డాక్టరుకు చెప్పండి; ఉమ్మనీరు చూడటానికి స్కాన్ అవసరమో కాదో వారు నిర్ణయిస్తారు. మూడో సూది మాత్రం వేయించుకోవద్దు. డైక్లోఫెనాక్ జెల్ కూడా అదే మందు, పైపూతే కదా అని అడగకుండా రాసుకోవద్దు. నొప్పికి పారాసిటమాల్‌ను డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడవచ్చు.

మీరు చెప్పిన గుర్తులన్నీ కటి వలయపు నొప్పి వైపే చూపిస్తున్నాయి. గర్భిణుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. కటి ఒకే ఎముక కాదు. ముందు వైపు గజ్జల మధ్య ఒక కీలు, వెనుక వైపు నడుము కింద రెండు కీళ్లు దాన్ని కలిపి పట్టుకుని ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఆ కీళ్లను బిగించే కట్లు వదులవుతాయి, పైగా పొట్ట బరువు నడకనూ నిలబడే తీరునూ మార్చేస్తుంది. అప్పుడు రెండు వైపులా సమానంగా కదలవలసిన కీళ్లు ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా కదిలి, ఒంటికాలి మీద భారం పడిన ప్రతిసారీ పొడిచినట్టు నొప్పి వస్తుంది. దీనివల్ల బిడ్డకు హాని ఉండదు. అయినా అందరూ కన్నారన్నంత మాత్రాన మీరు పళ్లు బిగబట్టుకుని భరించవలసిన పనేమీ లేదు. మీ అత్తగారి కాలంలో ఈ నొప్పిని ఎవరూ పట్టించుకోలేదేమో గానీ, ఇప్పుడు తగ్గించే మార్గాలున్నాయి.

కాళ్లు రెండూ కలిపి కదిలించడమే ఇందులో కీలకం. మంచం మీద తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ దగ్గరగా మడిచి, ఒంటినంతా ఒకేసారి తిప్పండి. పక్కకు తిరిగి పడుకున్నాక మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. బట్టలు కూర్చుని తొడుక్కోండి. మెట్లు ఒక్కొక్కటిగా, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి ఎక్కండి. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవడం, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, ముగ్గు వేయడం, పెద్ద బిడ్డను చంకన ఎత్తుకోవడం కొన్నాళ్లు మానండి. ఈ చివరిది తల్లులు మానలేరని నాకు తెలుసు, అందుకే మీరు కుర్చీలో కూర్చున్నాక బిడ్డనే ఒడిలోకి ఎక్కమనండి. నేల మీది మరుగుదొడ్డి అయితే పైన పెట్టుకునే కుర్చీ కమోడ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాలను బలపరిచే వ్యాయామాలు నేర్చుకోవడం కూడా మేలు చేస్తుంది. పొట్ట కింద కట్టుకునే బెల్టు కొందరికి నడిచేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా జరిగే పరీక్షల రోజున ఈ నొప్పి గురించి తప్పక చెప్పండి.

అయితే అన్ని నొప్పులూ ఇదే కావు. జ్వరంతో పాటు కీళ్ల నొప్పులు వస్తే డెంగీ, చికున్‌గున్యా ఉండవచ్చు. వేళ్ల కీళ్లు వాచి, పొద్దున్నే చాలాసేపు బిగుసుకుపోతుంటే కీళ్లవాతానికి పరీక్ష చేయించాలి. ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, మూత్రం ఆగినా, రక్తస్రావం కనిపించినా, కడుపు ఆగి ఆగి బిగుస్తున్నా, బిడ్డ కదలికలు తగ్గినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆపరేషన్ మాట. ఈ నొప్పి ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. వేరే ఇబ్బంది లేకపోతే చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. వెల్లకిలా పడుకుని కాళ్లు బాగా ఎడంగా చాచడమే కీళ్లను దెబ్బతీస్తుంది కాబట్టి, పక్కకు తిరిగి గానీ మోకాళ్లు చేతుల మీద వంగి గానీ కాన్పు అయ్యే వీలుందేమో ముందే అడగండి. నెలలు నిండే ముందు ఒక రోజు నొప్పి పుట్టనంత వరకు మోకాళ్లు ఎంత దూరం జరపగలరో టేపుతో కొలిపించుకోండి. కాన్పు సమయంలో, ముఖ్యంగా నొప్పి తెలియకుండా వెన్నులో సూది ఇచ్చినప్పుడు, కాళ్లను అంతకు మించి లాగకుండా ఉండేందుకు ఆ కొలతను మీ తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద రాయించి, ప్రసవ గదిలోని నర్సుకు చూపించండి.