హెడ్ విప్పే ముందు ఫ్యాన్ చూడు

సురేషూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. పాత టాటా 1613 లారీ కొన్నావట. మిర్యాలగూడ మిల్లు ముందు ధాన్యం లైన్లో నిలబడితే చాలు, ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటుతోందట. ఇంజన్‌కీ, పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందని ఎవరో చెబితే ఆదివారం నువ్వే హెడ్ విప్పేస్తానన్నావట. నాతో ఒక్కమాట చెప్పకుండా బండి కొన్నందుకు ఒళ్లు మండింది. నా తర్వాత మనింట్లో స్పానర్ పట్టింది వాడొక్కడేనని మీ అత్తయ్యతో అన్నది కూడా నేనేలే. తిట్లు తర్వాత తిడతాను.

నిలబడితే వేడెక్కే బండిని ఇంజన్ నడుస్తుండగా, ఫ్యాన్ పక్కన నిలబడే చూడాలి. అందుకని ముందు ఆ మెడలో తువ్వాలు తీసి ఇంట్లో పెట్టు. లుంగీ వద్దు, ప్యాంటు వేసుకో. ఆటోనగర్లో మా షెడ్డు పక్కనే ఒక డ్రైవరు బెల్టు చప్పుడు వినాలని వంగాడు. తువ్వాలు కొస ఫ్యాన్ లాగేసుకుంది. క్లీనర్ కుర్రాడు క్యాబిన్లోనే ఉండి స్టాప్ కేబుల్ లాగాడు కాబట్టి మెడ చుట్టూ కమిలిన గీతతో బయటపడ్డాడు. ఆ తర్వాత నా షెడ్డులోకి తువ్వాలుతో ఎవరొచ్చినా, ఓనరైనా సరే, లాగి అవతల పారేసేవాణ్ణి. నువ్వు చూసేటప్పుడు కూడా క్యాబిన్లో ఒక మనిషి ఉండాలి. ఒంటరిగా చెయ్యకు.

వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన మరుక్షణం మరిగి మొహం మీదికే వస్తాయి.

రోడ్డెక్కి 50, 60లో పోతుంటే చల్లబడుతోందా అని మీ అమ్మతో అడిగించాను. చల్లబడుతోందన్నావట. అయితే నాకు గ్యాస్కెట్ మీద అంత అనుమానం లేదు. అది పోతే లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టాలి. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి సగం పని చేసిపెడుతుంది. నిలబడ్డప్పుడు భారమంతా ఫ్యాన్‌దే. కాబట్టి గాలి సంగతి చూడు.

చల్లారాక నీళ్ల లెవెల్ చూడు. ఇంజన్ ఆపి బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కు, అర అంగుళం దిగితే సరే, మరీ ఊగితే బిగించు. మిల్లుల దగ్గర తిరిగే బండి కదా, రేడియేటర్ రెక్కల్లో ఊక, దుమ్ము గట్టిపడి ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టు. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, జాగ్రత్త. ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు ఉందో లేదో కూడా చూడు. పాత బండ్లలో అది విరిగితే తీసి మూల పడేస్తారు. అప్పుడు ఫ్యాన్ రేడియేటర్ గాలి లాగడం మాని ఇంజన్ వేడిగాలినే చుట్టూ తిప్పుతుంటుంది.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది వేరు. ఒకసారి ఖమ్మం నుంచి నీ బండిలాంటిదే వచ్చింది. ఇదే జబ్బు. ఎక్కడో వాటర్ పంపు మార్పించాక మొదలైందట. ఆ ఓనరు పాపం రేడియేటర్ కొత్తది వేయించాడు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వదలని థర్మోస్టాట్ పీకించాడు. హెడ్ విప్పించి లేత్‌లో ఫేసింగ్ కొట్టించాడు. ఫైనాన్స్ కిస్తీలు ఆగిపోయాయి, బండి మాత్రం నిలబడితే పొగలే. నేను ముందువైపు గ్రిల్ మీద న్యూస్‌పేపర్ ఒక షీటు పెట్టి చూశాను. ఫ్యాన్ బాగా లాగితే కాగితం అతుక్కుపోవాలి. అది మెల్లగా జారి కింద పడింది. బెల్టు గట్టిగానే ఉంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇంజన్ ఆపించి రెక్క మీద చెయ్యి పెట్టి చూస్తే లోతుగా ఉండే వైపు రేడియేటర్‌కి, ఉబ్బెత్తు వైపు ఇంజన్‌కి ఉంది. పంపు మార్చినవాడు ఫ్యాన్‌ని తిరగేసి బిగించాడు! తిరగేసినా గాలి ఎటు పోవాలో అటే పోతుంది, బలం మాత్రం ఉండదు. అందుకే అంతమంది చెయ్యి అడ్డం పెట్టి, గాలి వస్తోంది కదా అని వదిలేశారు. బోల్టులు విప్పి, తిప్పి బిగించాను. కాగితం గ్రిల్‌కి కరుచుకుంది. ఆ ఓనరు ఏడవాలో నవ్వాలో తెలియక అక్కడే టైరు మీద కూర్చుండిపోయాడు.

నీ బండికి కూడా పాత ఓనరు పంపు మార్పించాడేమో అడుగు. థర్మోస్టాట్ తీసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకు. ఇంజన్ వేడికి రాక డీజిల్ తాగేస్తుంది.

అన్నీ బాగుండి కూడా వేడెక్కితే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయించు. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు గ్యాస్కెట్ మాట. అప్పుడు కూడా నువ్వు విప్పకు, బస్సెక్కి నేనే వస్తాను. హెడ్ బోల్టులు బిగించే వరస నీకు దగ్గరుండి నేర్పాలి. బోరు నీళ్లు పోస్తున్నావేమో, మానెయ్. సున్నం పేరుకుంటుంది. కూలెంట్ వెయ్యి, డబ్బుల్లేకపోతే చెప్పు.

ముందు ఆ ఫ్యాన్ రెక్కల ఫొటో తీసి మీ అత్తయ్య ఫోన్‌కి పంపు. ఇంజన్ ఆపాకే తియ్యి.

మామయ్య